పద్నాలుగో గదిలో జంట పంచమాలు

చీకటి పడ్డాక పద్నాలుగో గదిలో పియానో ముట్టుకోకూడదు. మా ఊళ్ళో సంగీతం చదవడానికి వచ్చే పిల్లలకి సీనియర్లు చెప్పే మొదటి మాట అదే. క్యాంటీన్ ఎక్కడుందో ఆ తర్వాత చెప్తారు.

జాలె నది ఒడ్డున పాత ఉప్పు గిడ్డంగి ఒకటుంది. దాన్ని బాగుచేసి యూనివర్సిటీ వాళ్ళు సంగీత విభాగం పెట్టారు. దాని గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఉన్న బేకరీ మాది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పిల్లలకీ, వాళ్ళ మాస్టార్లకీ గసగసాల కేకు కోసి పెడుతున్నాను. కాబట్టి ఆ గది కథలు మొత్తం నా చెవిన పడ్డవే.

కింది అంతస్తు, నడవా చివర. ఒకటే కిటికీ, అదీ లోపలి పెరట్లోకి. ఎండాకాలంలో కూడా అక్కడ కోటు విప్పబుద్ధి కాదు.

వందేళ్ళ కిందట ఆ గదిలో ట్రౌగట్ మాస్టారని ఒకాయన కౌంటర్‌పాయింట్ చెప్పేవాడట. ఓ నవంబర్ సాయంత్రం ఒక్కడే కూర్చుని పిల్లల కాగితాలు దిద్దుతున్నాడట. ఒకే కుర్రాడి కాగితంలో... ఒకటి కాదు, రెండు కాదు... యాభై ఎనిమిది తప్పులు. యాభై ఎనిమిదో తప్పు కింద ఎర్ర పెన్సిల్‌తో గీత పెడుతూ పెడుతూనే, తల బల్ల మీద వాల్చేశాడట. వేళ్ళు విప్పి పెన్సిల్ తీయడం ఎవరి వల్లా కాక దాంతోనే పాతిపెట్టారట.

అప్పట్నించీ, చీకటి పడ్డాక ఆ గదిలో ఎవరైనా తప్పు వాయిస్తే...

గోడలోంచి రెండు దెబ్బలు.

టక్... టక్.

'వందేళ్ళ నించీ' అంటారు గానీ, ఎవరు విన్నారని అడిగితే 'మా సీనియర్ విన్నాడు' అంటారు. ఆ సీనియర్‌ని అడిగితే వాడి సీనియర్. నేనూ నవ్వేదాన్ని.

వీబ్కె వచ్చేదాకా.

ఆరేళ్ళ కిందటి మాట. ఉత్తరాన సముద్రపు ఒడ్డు పిల్ల. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. కౌంటర్‌పాయింట్‌లోనే డాక్టరేట్ చేసింది. వాళ్ళ వైపు జనం సముద్రం పొలాల్లోకొచ్చినా టీ తాగడం ఆపరు. ఈ పిల్లా అంతే. ఒక సంవత్సరానికి ఉద్యోగం ఇచ్చారు. విభాగం పెద్ద, ప్రొఫెసర్ రైమెర్స్ మొదటి రోజే మా షాపులో కూర్చోబెట్టి చెప్పాడు. నేను పక్క బల్ల తుడుస్తున్నాను.

"క్రిస్మస్ సెలవుల్లోపు మీ క్లాసు జాబితాలో కనీసం ఆరుగురుండాలమ్మా. లేకపోతే వచ్చే ఏడు ఈ కోర్సు ఉండదు."

"కోర్సు లేకపోతే... మరి నేను?"

"మీరూ ఉండరు," అన్నాడాయన, కాఫీలో చక్కెర కలుపుకుంటూ. "అన్నట్టు, డిసెంబర్లో చర్చిలో మన కచేరీ ఉంటుంది. మీరు రాసింది ఒకటి వాయిద్దాం. అది విని మీ సంగతి ఆలోచిస్తాను."

గది ఇచ్చింది మాత్రం భవనం చూసుకునే కుబిష్. తాళంచెవి చేతికిస్తూ గొంతు తగ్గించి అన్నాడట —

"డాక్టరమ్మ గారూ, ఈ గదే మిగిలింది."

"మిగిలితే మంచిదేగా?"

"మిగిలిందంటే... సాయంత్రం క్లాసుకి ఎవరూ తీసుకోరు కాబట్టి మిగిలింది."

ట్రౌగట్ మాస్టారి కథంతా చెప్పాడు. వీబ్కె పూర్తిగా విని, "ఆ గదిలో టీ కాచుకోడానికి ప్లగ్గు ఉందా?" అని అడిగిందట.

ఇక్కడ ఆ చదువు గురించి రెండు ముక్కలు చెప్పాలి. కౌంటర్‌పాయింట్ అంటే నాకు తెలిసిందంతా మా షాపు కౌంటర్ దగ్గర విన్నదే. ఒక గొంతు ఒక పాట పాడుతుంటే, అదే సమయానికి రెండో గొంతు తన సొంత పాట పాడాలి. రెండూ కలిసి ఇంపుగా ఉండాలి. అలాగని ఒకదాని కొంగు పట్టుకుని ఇంకోటి తిరక్కూడదు. స దగ్గర్నించి ప దాకా ఎంత దూరమో అంత దూరం పెట్టుకుని, రెండు గొంతులూ ఒకేసారి ఒకే వైపు అడుగేశాయనుకోండి, రెండు పాటలు కాస్తా ఒకటైపోతాయి. దాన్ని జంట పంచమం అంటారు. ఆ చదువులో అంతకు మించిన పాపం లేదు.

నవంబర్, గురువారం. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. గదిలో ఏడుగురు పిల్లలు, ఏడు కోట్లు, ఒక టీ కెటిల్.

ఆ ఏడుగురిలో టిల్మన్ అని ఒకడు. ఫ్రిజ్‌ల రొద రికార్డు చేసి, దాన్ని కూర్చి సంగీతం అనేవాడు. కౌంటర్‌పాయింట్ తప్పనిసరి కాబట్టి వచ్చాడు గానీ మనసు లేదు.

"మేడమ్, నాలుగొందల ఏళ్ళ కిందటి రూల్సు ఇప్పుడెందుకు? ఎవరికి నొప్పి?" అన్నాడు.

"ముందు రాసింది బోర్డు మీద పెట్టు. ఎవరికి నొప్పో తర్వాత చూద్దాం," అంది వీబ్కె.

వాడు బోర్డు మీద రాశాడు. కింద పాత చర్చి పాట, గుర్రం నడకలా నింపాదిగా సాగేది. పైన వీడు కట్టిన రెండో గొంతు. వీబ్కె పియానో దగ్గర కూర్చుని వాయించడం మొదలుపెట్టింది.

మొదటి వరస బాగుంది... రెండో వరస పర్లేదు... మూడో వరస సగంలో...

టక్... టక్.

చేతులు ఆగిపోయాయి.

ఎవరూ కదల్లేదు. కెటిల్లో నీళ్ళు మాత్రం సన్నగా ఈల వేస్తున్నాయి.

"ఎవరది?" అంది వీబ్కె. అందరి చేతులూ బల్లల మీదే ఉన్నాయి. శబ్దం వచ్చింది వెనక గోడలోంచి. ఆ గోడకి తలుపు లేదు. కిటికీ లేదు.

మారేన్ అనే పిల్ల మెల్లగా లేచి, వేలుతో బోర్డు చూపించింది. "మేడమ్... అక్కడ... జంట పంచమం."

నిజమే. ఐదు మెట్ల దూరం, రెండు గొంతులూ ఒకేసారి పైకి.

"ఏదో గొట్టం శబ్దం," అంది వీబ్కె. మళ్ళీ మొదట్నించీ వాయించింది. మొదటి వరస... రెండో వరస... మూడో వరస సగం...

టక్! టక్!

ఈసారి కొంచెం కోపంగా.

కెవ్వుమని ఒకే కేక. ఆ కేక మా బేకరీ దాకా వినపడింది. రొట్టె తీస్తున్న మా ఆయన రొట్టె వదిలేశాడు. ఏడుగురు పిల్లలూ కోట్లు చేత్తో పట్టుకుని రోడ్డు మీద పడ్డారు. అందరికంటే ముందు టిల్మన్.

మర్నాటికి ముగ్గురు పేర్లు తీయించుకున్నారు. మిగిలింది నలుగురు.

వీబ్కె కుబిష్‌ని పట్టుకుని ఆ గది గొట్టాలన్నీ విప్పించింది. రేడియేటర్ తీయించింది. ఏమీ లేదు. ఆయన నిచ్చెన మీంచే చేతులు జోడించినంత పని చేశాడు.

"చెప్పాను కదా డాక్టరమ్మా. గొట్టానికి సంగీతం ఏం తెలుస్తుంది?"

అక్కడితో ఆ కోర్సు పని అయిపోయిందనే అనుకున్నాం. కానీ ఆ టిల్మన్ ఉన్నాడే, రెండు రోజులు ఇంట్లో దుప్పటి కప్పుకుని ఆలోచించి, మూడో రోజు మారేన్‌ని తోడు తీసుకుని సాయంత్రం ఆ గదికి వెళ్ళాడు. దిద్దిన కాగితం పియానో మీద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వాయించాడు.

చప్పుడు లేదు.

ఇంకోటి వాయించాడు. రెండో వరసలో... టక్ టక్. అక్కడ దిద్దుకున్నాడు. మళ్ళీ వాయించాడు. చప్పుడు లేదు.

"అర్థమైందా నీకు?" అన్నాడట మారేన్‌తో గుసగుసగా. "ఇది దెయ్యం కాదే... ట్యూషన్!"

వారం తిరిగేసరికి ఆ సంగతి భవనమంతా పాకింది. ఐదింటికల్లా పద్నాలుగో గది ముందు క్యూ. అందరి చేతుల్లో కాగితాలు. ఒకడు లోపలికెళ్ళి వాయిస్తాడు, మిగతావాళ్ళు తలుపుకి చెవి ఆనించి దెబ్బలు లెక్కపెడతారు. "వీడికి మూడు సార్లు పడ్డాయి!" "దానికి ఒక్కటీ పడలేదు, చూశావా!" పియానో మీద మాస్టారికని మా షాపు బిస్కెట్లు పెట్టి వెళ్ళేవాళ్ళు. పొద్దున కుబిష్ తినేవాడు. ఆ బిస్కెట్లు మాయమవుతున్నాయని పిల్లలకి ఇంకా నమ్మకం కుదిరింది.

జాబితాలో నలుగురు కాస్తా పంతొమ్మిది మంది అయ్యారు.

రైమెర్స్ గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "భలే నేర్పుతున్నారమ్మా!" అన్నాడు వీబ్కెతో.

"నేర్పేది నేను కాదండీ. గోడ."

"ఎవరు నేర్పుతున్నారన్నది నాకు అనవసరం," అన్నాడాయన.

ఆ మాట ఆ పిల్లకి ఎక్కడో గుచ్చుకుంది. ఉద్యోగం నిలబడేలా ఉంది, నిజమే. కానీ క్లాసులో ఆమె మాట వినేవాళ్ళు లేరు. కాగితం దిద్ది ఇస్తే వెంటనే దెయ్యాన్ని సాక్ష్యానికి తెచ్చేవాళ్ళు.

"మేడమ్, ఇక్కడ మీరు తప్పు పెట్టారు. కానీ మాస్టారు ఏమీ అనలేదు," అన్నాడు టిల్మన్ ఓ రోజు.

"మాస్టారు పోయి వందేళ్ళైంది. మార్కులు వేసేది నేను."

"అది కాదు మేడమ్, ఒకసారి చూడండి..."

చూసింది. టీ పక్కన పెట్టి మళ్ళీ చూసింది. కింది గొంతు మధ్యలో ఒక చిన్న మెట్టు ఆగి వెళ్తోంది, అంటే రెండూ కలిసి అడుగెయ్యడం లేదు. తప్పు కాదు. పొరబడింది ఆమే.

ఆ రోజు సాయంత్రం మా షాపుకొచ్చి మూల కూర్చుంది. కేకు ముట్టుకోలేదు. "ఎనిమిదేళ్ళు చదివానండీ దీన్ని," అంది నాతో. "చనిపోయినవాడి ముందు కూడా నిలబడలేకపోతున్నాను."

 ఇంకో కప్పు టీ పోశాను.

ఇక మిగిలింది కచేరీ. వారమే ఉంది. నాలుగు తీగ వాయిద్యాలకి ఆమె ఒక ఫ్యూగ్ రాసింది. ఫ్యూగ్ అంటే, ఒకే చిన్న పాటని నాలుగు గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకుని పరిగెత్తిస్తాయి. మూడేళ్ళుగా చెక్కుతోంది దాన్ని. ప్రతి స్వరమూ రెండుసార్లు కొలిచి పెట్టింది. అందులో తప్పు పట్టడం ఎవరి తరం కాదని ఆమె ధైర్యం.

మంగళవారం సాయంత్రం పిల్లలందరినీ పంపించేసి, తలుపు గడియ పెట్టి, పద్నాలుగో గదిలో ఒక్కతే కూర్చుంది. బయట మంచు మొదలైంది. నాలుగు గొంతులూ పియానో మీద సర్దుకుని వాయించింది.

మొదటి పేజీ... నిశ్శబ్దం. రెండో పేజీ... నిశ్శబ్దం. పెదాల మీదకి చిన్న నవ్వు వచ్చిందట. మూడో పేజీ తిప్పి, నాలుగు వరసలు దాటిందో లేదో...

టక్... టక్.

ఒంట్లో నెత్తురు చల్లబడిపోయిందని చెప్పింది నాతో. దెయ్యానికి భయపడి కాదు, ఆ పేజీలో నిజంగా తప్పుందేమోనని.

వెతికింది. ప్రతి జత గొంతులనీ వేలు పెట్టి చూసుకుంది. ఏమీ లేదు. మళ్ళీ వాయించింది. అదే చోట, టక్ టక్. బుధవారం మళ్ళీ వచ్చింది. అదే చోట. రాత్రంతా నిద్రపోలేదు. కళ్ళ కింద నల్లగా, జుట్టు రేగిపోయి, దాదాపు తనే దెయ్యంలా గురువారం మళ్ళీ వచ్చి కూర్చుంది.

టక్... టక్.

"ఎక్కడ?" అని అరిచింది గోడ మీదకి. "ఎక్కడుంది తప్పు? చూపించండి!"

గోడ పలకలేదు.

సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఎంత ఘోరంగా రాయొచ్చో అంత ఘోరంగా రాసింది. జంట పంచమం మీద జంట పంచమం, నిలువునా మెట్లు దిగుతున్నట్టు. నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుచూసింది.

చప్పుడు లేదు.

అదే పియానో మీద వాయించింది — టక్ టక్ టక్ టక్ టక్!

అక్కడ ఆగింది. రాస్తే పలకడం లేదు... వాయిస్తేనే పలుకుతోంది. అంటే... చెవులున్నాయి. కళ్ళు లేవు.

మెల్లగా వెళ్ళి గోడకి చెవి ఆనించింది. చల్లటి గోడ. లోపల ఎక్కడో... ఏదో ఈడుస్తున్నట్టు... అడుగులా? ఊపిరా? తన గుండె చప్పుడేనా?

అప్పుడు, సరిగ్గా ఆమె చెవి దగ్గరే —

హా... హా... హాఛ్!

వీబ్కె వెనక్కి ఎగిరి పడింది. కెటిల్ దొర్లింది. తలుపు తెరుచుకుని నడవాలోకి పరిగెత్తి, అక్కడ చీకట్లో నిలబడ్డ ఎవరినో గుద్దేసింది. ఇద్దరూ కేకలు పెట్టారు. ఆ రెండోవాడు టిల్మన్. దెయ్యానికి చూపించుకోడానికి హోమ్‌వర్క్ తెచ్చి బయట ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది మేడమ్?"

"తుమ్మింది."

"ఎవరు?"

"గోడ."

టిల్మన్ తలుపులోంచి గది లోపలికి చూశాడు. "మేడమ్... దెయ్యాలకి జలుబు చేస్తుందా?"

ఆ ప్రశ్న విన్నాక వీబ్కె బుర్ర పనిచేయడం మొదలెట్టిందట. మళ్ళీ గదిలోకి తొంగిచూసి గాలి పీల్చింది. ఉడికే ఎర్ర క్యాబేజీ వాసన. లవంగం వేసి, కొంచెం వెనిగర్ తగిలించిన వాసన. ఇన్నాళ్ళూ క్యాంటీన్ నించి వస్తోందనుకుంది. గురువారం సాయంత్రం క్యాంటీన్ ఉండదు.

"టిల్మన్, ఈ గోడ అవతల ఏముంది?"

"అవతల... ఏమీ లేదు మేడమ్. భవనం అయిపోయింది."

"భవనం అయిపోతే మొదలయ్యేది ఏంటి?"

నేను షట్టర్ దించుతున్నాను. వీళ్ళిద్దరూ కోట్లు లేకుండా మంచులో పరిగెత్తుకుంటూ పోతున్నారు. ముందు కాగితాలు చేత పట్టుకుని డాక్టరమ్మ, వెనక ఈ కుర్రాడు. "ఏమైందమ్మా?" అని అరిచాను. "వెనక వీధి!" అంది ఆగకుండా. ఆ భవనం వరసకి మధ్యలో సందు లేదు. వెనక వీధికి వెళ్ళాలంటే చర్చి దాకా నడిచి చుట్టూ తిరిగి రావాలి. ఎవరూ అటు పోరు.

వెళ్ళారు. కిటికీలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒక పాత మూడంతస్తుల ఇంటి ముందు ఆగారు. కింద వాటాలో దీపం మినుకుమంటోంది. తలుపు సందులోంచి అదే క్యాబేజీ వాసన.

"మీరు కొట్టండి," అంది వీబ్కె.

"మీరు టీచర్ కదా, మీరే..." అన్నాడు టిల్మన్.

ఆమె తలుపు తట్టింది.

లోపల నెమ్మదిగా అడుగులు... గొళ్ళెం తీస్తున్న చప్పుడు... తలుపు కిర్రుమంటూ జానెడు తెరుచుకుంది. తెల్లటి జుట్టు విరబోసుకుని, కాళ్ళ దాకా తెల్లటి గౌను వేసుకున్న పొడవాటి ఆకారం. కుడిచేతిలో ఏదో పొడుగ్గా. దాని కొసనించి ఎర్రగా బొట్లు... నేల మీద... టప్... టప్...

"అమ్మోయ్!" అని టిల్మన్ మంచులో కూలబడ్డాడు.

"లేవరా బాబూ, పడిశం పడుతుంది," అంది ఆ ఆకారం. "నాకు ఆల్రెడీ పట్టింది. ఎవరు మీరు?"

చేతిలోది చెక్క గరిటె. కారుతున్నది క్యాబేజీ పులుసు.

ఆవిడ పేరు ఒట్టీలియ. ఎనభై తొమ్మిదేళ్ళు. ప్రతి పొద్దునా మా షాపులో నాలుగు బన్నులు కొని, మాట్లాడకుండా వెళ్ళిపోయే మనిషి. నాకూ ఎప్పుడూ తట్టలేదు చూడండి!

వీబ్కెకి కోపం, చలి, సిగ్గు అన్నీ ఒకేసారి వచ్చాయి. "గోడ మీద కొడుతున్నది మీరేనా?"

"కొట్టక?" అందావిడ. "ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నా వంటింటి గోడ వెనక తప్పులు వాయిస్తున్నారు. పంచమం మీద పంచమం. నేను భోంచెయ్యాలా వద్దా?"

"పిల్లలు దెయ్యమనుకుని పారిపోయారండీ! అరుపులు వినపడలేదా?"

"వినపడ్డాయి. తప్పు తెలుసుకుని ఏడుస్తున్నారేమో అనుకున్నా. పోనీలే, సిగ్గున్న పిల్లలు అనుకున్నా."

టిల్మన్ లేచి గౌరవంగా టోపీ తీశాడు. "అమ్మా, మీరు ఎక్కడ నేర్చుకున్నారు ఇదంతా?"

"ఇక్కడే," అంటూ గరిటెతో గోడ చూపించింది.

పంతొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ ఈ విభాగానికే సంగీత రచన నేర్చుకుంటానని వచ్చిందట. రాసిన పాటలు చేతిలో పెట్టుకుని. ఆడపిల్లలకి అవి ఎందుకు, పిల్లలకి పియానో చెప్పుకోమని పంపేశారట అప్పటి పెద్దలు. నాటకశాలలో వాయిద్యాలవాళ్ళకి సంగీతం కాగితాలు చేత్తో నకలు రాసే పని చూసుకుంది. నలభై ఏళ్ళు ఇతరుల సంగీతం రాసింది. ఈ వాటాలోకి వచ్చాక తెలిసింది, వంటిల్లు సరిగ్గా కౌంటర్‌పాయింట్ క్లాసుకి ఆనుకుని ఉందని.

"గోడకి చెవి పెట్టి నలుగురు మాస్టార్ల దగ్గర చదువుకున్నానమ్మాయ్. నువ్వు ఐదోదానివి," అంది. "నువ్వు బాగా చెప్తావు. మరీ మెల్లగా మాట్లాడతావు గానీ. కొంచెం గట్టిగా చెప్పు, సగం వినపడట్లేదు."

 వీబ్కెకి అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి.

"నా ఫ్యూగ్... మూడో పేజీ. మూడు రోజుల నించీ అక్కడ కొడుతున్నారు. ఎంత వెతికినా తప్పు కనపడలేదు. ఎక్కడుందో చెప్పండి, ప్లీజ్. ఆదివారం కచేరీ."

ఒట్టీలియమ్మ ఆమె మొహంలోకి జాలిగా చూసింది.

"తప్పా? తప్పేం లేదే. ఒక్కటి కూడా లేదు."

"మరి ఎందుకు కొట్టారు?"

"బోరు కొట్టింది," అందావిడ. "అందుకని నేనూ కొట్టాను."

టిల్మన్ నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. వీబ్కె మొహం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్ళీ ఎర్రబడింది.

"ఆ పేజీలో నీ నాలుగు గొంతులూ మరీ మర్యాదస్తులమ్మాయ్," అంది ఒట్టీలియమ్మ, కాస్త మెత్తగా. "గుమ్మం దగ్గర నిలబడి 'మీరు ముందు వెళ్ళండి', 'అబ్బే, మీరే వెళ్ళండి' అనుకుంటున్నాయి. ఎవరూ లోపలికి వెళ్ళరు. మొదటి రెండు పేజీలు ఎంత బాగున్నాయో! అవి వింటూ నా క్యాబేజీ మాడబెట్టుకున్నా తెలుసా మంగళవారం? రండి లోపలికి. కాగితం తెచ్చావా?"

తెచ్చింది. చేతిలోనే నలిగిపోయి ఉంది.

ఆ వంటింటి బల్ల మీద ఆ రాత్రి ఏం జరిగిందో నాకు టిల్మన్ చెప్పాడు. మొదటి గంట ఇద్దరూ పోట్లాడుకున్నారట. 'రూలు ఒప్పుకోదు' అని ఆ పిల్ల, 'రూలు ఒప్పుకుంటుంది, నువ్వే ఒప్పుకోవట్లేదు' అని ఈవిడ. రెండో గంటలో వీబ్కె పెన్సిల్ తీసుకుని, రెండో గొంతుని ఒక అడుగు ముందే దూకించింది, మొదటిది మాట పూర్తి చెయ్యకముందే. ఒట్టీలియమ్మ బల్ల మీద వేళ్ళతో వాయించి చూసి, "ఆఁ, ఇప్పుడు ఇంట్లో నలుగురు మనుషులున్నట్టుంది," అందట. టిల్మన్ మూడుసార్లు క్యాబేజీ వడ్డించుకున్నాడు. అంతకంటే అతను చేసిందేమీ లేదు.

ఆదివారం చర్చిలో నేనూ ఉన్నాను. ఒట్టీలియమ్మ బొచ్చు టోపీ పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. మూడో పేజీ ఎక్కడొచ్చిందో నాకు తెలీదు. రైమెర్స్ గారు ప్రతి కచేరీలోనూ కళ్ళు మూసుకుని 'లోతుగా వింటారు'. ఆ రోజు మాత్రం ఒకచోట ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూయలేదు. వీబ్కెకి ఇంకో మూడేళ్ళకి ఉద్యోగం కాగితం ఇచ్చారు.

జనవరిలో ఆమె ఒట్టీలియమ్మ చెయ్యి పట్టుకుని, చర్చి చుట్టూ తిప్పి, ముందు గుమ్మంలోంచి లోపలికి తీసుకొచ్చింది. ఫోటో అంటించిన కార్డు చేయించింది. అతిథి విద్యార్థి అని. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి ఆ కార్డు నాకు చూపించడానికి ఆ రోజు రెండుసార్లు బన్నులు కొంది. గురువారం గురువారం మొదటి బెంచీలో కూర్చునేది. క్లాసు అయ్యాక పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకునేది.

దెయ్యం దెయ్యం కాదని తేలాక పిల్లలు తెగ సంబరపడతారనుకున్నాను. ఓ గురువారం సాయంత్రం టిల్మన్ షాపులోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. జుట్టంతా రేగిపోయి ఉంది. జామ్ బన్ను ఒకటి తిని, రెండోది అడిగాడు.

"ఏరా, ఇంకా ఆ మొహం ఏంటి? ముసలమ్మే కదా, దేనికి భయం?" అన్నాను.

వాడు చుట్టూ చూసి, ముందుకి వంగి, గుసగుసగా అన్నాడు —

"దెయ్యమే నయం ఆంటీ. దెయ్యమైతే రెండు కొట్టి ఊరుకునేది. ఈవిడ ఎందుకు తప్పో చెప్తుంది!"